వార్నా? మురళా? టెస్టుల్లో అసలు పెద్ద స్పిన్నర్ ఎవరు?

ఉప్పల్_పెవిలియన్
మొన్న సన్‌రైజర్స్ మ్యాచ్ చూస్తుంటే మా అక్క కొడుకు అడిగిండు, "మామా, డగౌట్‌ల కూసొని వికెట్ పడ్డప్పుడల్లా ఎగిరి గంతేస్తున్న ఆ అంకుల్ ఎవరు?" అని. మురళీధరన్ రా, టెస్టుల్ల 800 వికెట్లు తీసిండు అంటే, "షేన్ వార్న్ కన్న పెద్దోడా?" అన్నడు. వాడు ఇద్దర్ల ఎవ్వరి స్పెల్ చూసినోడు కాదు. యూట్యూబ్‌ల వార్న్ ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ గ్యాటింగ్‌ను బౌల్డ్ జేసిన ఆ గ్యాటింగ్ బాల్ ఒక్కటి చూసిండు, అంతే. నాకు ఆడనే మండింది.

అందుకే ఈ చర్చ. షరతు ఒక్కటే, టెస్టుల గురించే మాట్లాడాలె. వన్డేలు, ఐపీఎల్, వరల్డ్ కప్ ఫైనల్ తెస్తే నేను జవాబియ్య.

నా ఓటు మురళికే. మురళి 133 టెస్టుల్ల 800, సగటు (అంటే వికెట్టుకు ఇచ్చిన పరుగులు, తక్కువుంటేనే మంచిది) 22.72. వార్న్ 145 టెస్టుల్ల 708, సగటు 25.41. ఇన్నింగ్స్‌ల ఐదు వికెట్లు మురళి 67 సార్లు తీస్తే వార్న్ 37 సార్లు. మ్యాచ్‌ల పది వికెట్లు అయితే 22, 10. టెస్టుకు ఆరు వికెట్ల లెక్కన పద్దెనిమిదేండ్లు తీసినోన్ని పక్కకు పెట్టి ఇంకొకన్ని రాజు అంటే ఎట్ల?

మెల్‌బోర్న్_మావయ్య
మొదలెట్టావా ఉప్పలూ! ఎంసీజీ ముందున్న వార్న్ విగ్రహం పక్క నుంచే నేను ఆఫీసుకి వెళ్తాను, నా ఓటు ఎటో వేరే చెప్పక్కర్లేదు. కానీ విగ్రహం చూసి ఓటెయ్యట్లేదు.

800, 800 అని డప్పు కొట్టేవాళ్లు అందులో 176 జింబాబ్వే, బంగ్లాదేశ్‌ల మీద తీసినవని ఎందుకు చెప్పరు? వార్న్‌కి ఆ రెండు జట్ల మీదా కలిపి 17. మురళి సొంతగడ్డ మీద 73 టెస్టులాడి 493 తీశాడు. కొలంబో ఎస్‌ఎస్‌సీ ఒక్క గ్రౌండ్‌లోనే 166. మరి మా దగ్గరికొచ్చి ఏం పొడిచాడు? ఆస్ట్రేలియాలో 5 టెస్టులు, 12 వికెట్లు, సగటు 75. డెబ్బై అయిదు! అది బౌలింగ్ సగటా, బ్యాటింగ్ సగటా?

సగటు_శాస్త్రి
మావయ్యగారు సగం లెక్క చెప్పి ఆపేశారు, మిగతా సగం నేను చెప్తాను.

జింబాబ్వే, బంగ్లాదేశ్‌లని పూర్తిగా కొట్టేసినా మురళికి 108 టెస్టుల్లో 624 వికెట్లు మిగుల్తాయి. సగటు 25 లోపే ఉంటుంది. అంటే వార్న్ మొత్తం కెరీర్ సగటు కంటే అప్పటికీ మెరుగే. టెస్టుకి వికెట్లు కూడా ఎక్కువే. కాబట్టి ఆ వాదన చెల్లదు, ఇక దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

సొంతగడ్డ సంగతిలో మాత్రం మావయ్యగారి మాటకి బలం ఉంది. మురళి ఇంట్లో 19.56, బయట దాదాపు 28. వార్న్ ఇంట్లో 26.39, బయట అంతకంటే తక్కువ. సొంత పిచ్‌ల మీద కంటే పరాయి పిచ్‌ల మీద బాగా వేసిన పెద్ద స్పిన్నర్లు ఎంతమంది ఉన్నారో వెతకండి, చేతివేళ్లు ఎక్కువైపోతాయి.

ఇంగ్లండ్‌లో మురళి 6 టెస్టుల్లో 48 తీశాడు, సగటు 19.20. వార్న్ 22 టెస్టుల్లో 129, సగటు 21.94. ఇండియాకొచ్చి ఇద్దరూ చతికిలపడ్డారు. మురళిది 45.45, వార్న్‌ది 43.11.

లేట్‌కట్_లక్ష్మి
75 అని నవ్వారు కదా మావయ్యా, దీనికీ కొంచెం నవ్వండి: ఇండియా మీద మీ వార్న్ 14 టెస్టులాడితే 43 వికెట్లు, సగటు 47.18. మురళికి ఇండియా మీద 105 వికెట్లున్నాయి, సగటు 32.61. ఆ రోజుల్లో స్పిన్‌ని అన్నంలో కలుపుకుని తినేవాళ్లు మనవాళ్లే కదా. వాళ్ల మీద ఎవరు నెగ్గుకొచ్చారన్నది నాకు అన్నిటికంటే పెద్ద పరీక్ష.

ఇంకోటి. మురళికి జింబాబ్వే ఎలాగో వార్న్‌కి ఇంగ్లండ్ అలాగ. 708లో 195 వాళ్లవే! తొంభైల్లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ లెగ్ స్పిన్ ఆడటం అంటే చీకట్లో మెట్లు దిగడమే.

ఆస్ట్రేలియాలో మురళి ఆడిన ఆ 5 టెస్టులు కూడా విప్పి చూడండి. రెండు 1995లో, ఒకటి 2005లో వరల్డ్ ఎలెవన్ తరఫున, రెండు 2007లో. మొదటి రెంటిలో ఒకటి ఆ బాక్సింగ్ డే టెస్టు. మురళి బంతిని విసురుతున్నాడని అంపైర్ డారెల్ హెయిర్ బౌలింగ్ ఎండ్‌లో నిలబడి ఏడుసార్లు నోబాల్ పిలిచిన మ్యాచ్. అలాంటి రోజు ఏ బౌలర్ లెక్కలు బాగుంటాయి?

స్ట్రెయిట్_డ్రైవ్
వచ్చింది అసలు విషయం. చెయ్యి వంచి విసిరినవన్నీ వికెట్ల కింద లెక్కేస్తే మా వీధిలో కుర్రాడికీ 800 వస్తాయి. వాడి కోసం ఐసీసీ రూలే మార్చారు. ఇంతకంటే చెప్పేదేముంది.

నిర్వాహకుడు
స్ట్రెయిట్ డ్రైవ్ గారూ, "వాడు, వీడు" వద్దు. రూల్ గురించి మాట్లాడండి, మనిషిని కాదు. గతేడాది ఇదే చర్చ తాళం వేయాల్సి వచ్చింది, గుర్తుంది కదా.

స్క్వేర్‌లెగ్_అంపైర్
జిల్లా లీగుల్లో అంపైరింగ్ చేస్తుంటాను కాబట్టి ఈ ఒక్క ముక్కకి జవాబు చెప్పి తప్పుకుంటాను.

రూలు తప్పు పట్టేది చెయ్యి వంగి ఉండటాన్ని కాదు. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి వంపు నుంచి తిన్నగా అవడాన్ని. మురళికి పుట్టుకతోనే మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదు. కాబట్టి వంగి ఉన్న చెయ్యి వంగినట్టే తిరుగుతుంది. దానికి తోడు ఆ మణికట్టు, ఆ భుజం బొంగరంలా తిరుగుతుంటే మామూలు కంటికి విసిరినట్టే కనిపిస్తుంది. 1996లోనే పెర్త్‌లోనూ హాంకాంగ్‌లోనూ పరీక్షలు చేసి ఒప్పుకున్నారు. 2004లో దూస్రా (ఆఫ్ స్పిన్‌లాగే వేసినా రెండో వైపుకి తిరిగే బంతి) మీద మ్యాచ్ రెఫరీ క్రిస్ బ్రాడ్ రిపోర్ట్ ఇచ్చాక మళ్లీ కెమెరాలు పెట్టారు. ఆ సందర్భంలో మిగతా బౌలర్లనీ కొలిస్తే, అందంగా వేస్తారని పేరున్న ఫాస్ట్ బౌలర్లకి కూడా మోచెయ్యి ఎంతో కొంత తిన్నగా అవుతోందని తేలింది. దాంతో అందరికీ ఒకటే హద్దు, 15 డిగ్రీలు అని పెట్టారు. మురళి ఒక్కడి కోసం మార్చారనడం సరి కాదు. మురళి వల్ల అందరి చేతులూ కొలతకొచ్చాయంటే సరిపోతుంది.

నా సొంత మాట అడిగితే: 1995లో నేను స్క్వేర్ లెగ్‌లో ఉండి ఉంటే నాకూ అనుమానం వచ్చేది. రాకుండా ఉండదు. కానీ అనుమానం వస్తే రిపోర్ట్ రాయాలి, యాభై వేల మంది ముందు ఓవర్ ఓవర్‌కీ చెయ్యెత్తి నిలబెట్టకూడదు.

లేట్‌కట్_లక్ష్మి
అంపైర్ గారికి దండం. ఇక మచ్చల లెక్కే తీస్తానంటే, 2003లో నిషేధిత మాత్ర వేసుకుని ఏడాది ఇంట్లో కూర్చున్నది ఎవరో స్ట్రెయిట్ డ్రైవ్ గారు చెప్పాలి.

గుగ్లీ_గుంటూరు
లెక్కలు చాలు గానీ, బంతి చేతిలోకి తీసుకుని మాట్లాడుకుందాం. నేను లెగ్ స్పిన్ వేసినోణ్ణి. కాలేజీ రోజుల నుంచి మ్యాటింగ్ మీద, తర్వాత టర్ఫ్ మీద. టర్ఫ్ మీదకి రాగానే మ్యాటింగ్ మీద తిరిగిందంతా ఎటు పోయిందో తెలియలేదు, అది వేరే కథ.

లెగ్ బ్రేక్‌లో బంతిని తిప్పేది ఉంగరం వేలు. బంతి వదిలేటప్పుడు మణికట్టు ఒక్క వెంట్రుకవాసి ముందు విచ్చుకుంటే ఫుల్‌టాస్, ఆలస్యమైతే సగం పిచ్‌లో పడి లాంగ్ హాప్. అందుకే లెగ్ స్పిన్నర్ ఉన్నాడంటే ఓవర్‌కి ఒక చెత్త బంతి గ్యారంటీ అని బ్యాట్స్‌మన్ కాచుకుని ఉంటాడు. వార్న్ ముందు వరకూ ప్రపంచంలో అందరి సంగతీ ఇంతే. అబ్దుల్ ఖాదిర్ అంతటోడి సగటు 32.80. వార్న్ పద్ధెనిమిది, ఇరవై ఓవర్లు ఒకే స్పెల్ వేసినా ఆ చెత్త బంతి వచ్చేది కాదు. ఆఫ్ స్పిన్నర్‌కి ఉండే అదుపుతో లెగ్ స్పిన్ వేశాడయ్యా! నన్నడిగితే గ్యాటింగ్ బాల్ కంటే ఇదే పెద్ద వింత.

ఆ గ్యాటింగ్ బాల్ కూడా మళ్లీ చూడండి, ఈసారి బంతి పడ్డాక కాదు, పడకముందు చూడండి. 1993 జూన్, ఓల్డ్ ట్రాఫర్డ్. మొదట బంతి తిన్నగా వస్తుంది. సగం దూరం వచ్చాక గాల్లోనే లెగ్ వైపుకి జారుతుంది. గ్యాటింగ్ ఎడమ కాలు దాని వెంట వెళ్లిపోతుంది. అక్కడే అయిపోయింది పని. బంతి లెగ్ స్టంప్ బయట పడి, బ్యాట్ పక్క నుంచి ఆఫ్ స్టంప్ పైన తగులుతుంది. అందరూ తిరుగుడు చూసి అబ్బా అంటారు. గాల్లో ఆ జారుడు లేకపోతే గ్యాటింగ్ దాన్ని ప్యాడ్‌తో అడ్డుకుని నవ్వేవాడు. బంతిని ఎంత గట్టిగా తిప్పితే గాల్లో అంత జారుతుంది. బలం ఉన్నోడికే ఆ డ్రిఫ్ట్.

నా ఓటు వార్న్‌కి. కష్టమైన విద్య కాబట్టి.

ఉప్పల్_పెవిలియన్
గుంటూరన్నా, రాసింది మస్తుగుంది, కానీ కష్టమైన విద్య అని మార్కులు ఎక్కువెయ్యాల్నా? స్కోర్‌బోర్డుల లెగ్ బ్రేక్ వికెట్టుకు ఒకటిన్నర అని రాస్తరా?

మురళి వేసింది మాత్రం మామూలు ఆఫ్ స్పిన్ అనుకుంటున్నవా? అందరు ఆఫ్ స్పిన్నర్లు వేలితోని తిప్పుతరు, మురళి మణికట్టుతోని తిప్పిండు. అట్ల ఆయనకు ముందు ఎవ్వరు చేసిన్రు? దానికి తోడు దూస్రా.

నా అసలు పాయింట్ ఇప్పుడు జెప్త. వార్న్‌కు అవతల ఎండ్‌ల ఎవరున్నరు? మెగ్రా. గిల్లెస్పీ, బ్రెట్ లీ. అవతల పరుగులు రాక ఊపిరాడనోడు ఇవతల వార్న్ మీద కొట్టబోయి అవుటైతడు. వార్న్ లేనప్పుడు దిగిన మెక్‌గిల్ కూడ 44 టెస్టుల్ల 208 తీసిండు. మురళికి అవతల వాస్ ఒక్కడు. వాస్ మంచోడే, ఒప్పుకుంట. కానీ వాస్ స్పెల్ అయిపోతే బ్యాట్స్‌మెన్ చేసేది ఒకటే: మురళిని ఆపుకోవాలె, అవతలోన్ని కొట్టుకోవాలె. ప్రతి జట్టూ "మురళికి వికెట్ ఇయ్యద్దు" అని మీటింగ్ పెట్టుకొని వచ్చినంక కూడ టెస్టుకు ఆరు తీసిండంటే అది వేరే లెవెల్.

మెల్‌బోర్న్_మావయ్య
ఇదే లెక్కని తిప్పి చూడు ఉప్పలూ. అవతల మెగ్రా ఉంటే వికెట్లు పంచుకోవాలి. పది వికెట్లలో నాలుగు మెగ్రా తీసేశాక వార్న్‌కి మిగిలేవి ఎన్ని? మురళి ఆడిన టెస్టుల్లో శ్రీలంక తీసిన వికెట్లలో పదికి నాలుగు దాకా మురళివే ఉంటాయి, ఎందుకంటే తీసేవాళ్లు వేరే లేరు. అరవై, డెబ్బై ఓవర్లు ఒక్కడే వేస్తే ఐదు వికెట్ల పంటలు అవే వస్తాయి.

సగటు_శాస్త్రి
అవే వస్తాయి అనేయకండి మావయ్యగారూ. 1998 ఓవల్ తీసుకోండి. రణతుంగ టాస్ గెలిచి ఇంగ్లండ్‌ని బ్యాటింగ్‌కి దింపాడు. మంచి బ్యాటింగ్ వికెట్ మీద! అందరూ పిచ్చి పట్టిందా అన్నారు. మురళికి రెండు ఇన్నింగ్స్‌ల మధ్య చేతికి విశ్రాంతి దొరకాలని ఆయన లెక్క. ఇంగ్లండ్ 445 కొట్టింది, మురళి 59.3 ఓవర్లు వేసి 155 పరుగులకి 7. జయసూర్య 213 కొట్టి ఇచ్చిన విశ్రాంతి తర్వాత రెండో ఇన్నింగ్స్‌లో 54.2 ఓవర్లు, 27 మెయిడెన్లు, 65 పరుగులకి 9. మిగిలిన ఆ ఒక్క వికెట్ రనౌట్. ఒక్క మ్యాచ్‌లో 113.5 ఓవర్లు! ఆసియా బయట, అయిదారు క్యాచ్‌లు పట్టే దగ్గర ఫీల్డర్లు ఉన్నా, ఇంకో ఎండ్ నుంచి ఒత్తిడి లేకుండా. ఓవర్లు ఎక్కువ వేస్తే ఎవరికైనా వస్తాయంటే, అన్ని ఓవర్లు పదును తగ్గకుండా వేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి.

రెండో వైపు కూడా నేనే చెప్తాను. ఇద్దరూ నేరుగా తలపడిన 2004 సిరీస్ చూడండి, శ్రీలంకలోనే మూడు టెస్టులు. వార్న్ నిషేధం ముగించుకుని అప్పుడే వచ్చాడు. గాలేలో 500 దాటాడు, ఆ వెంటనే క్యాండీలో మురళి 500 దాటాడు. సిరీస్‌లో మురళి 28, వార్న్ 26. మూడు టెస్టుల్లోనూ మొదటి ఇన్నింగ్స్‌లో శ్రీలంకదే పైచేయి. మూడూ ఆస్ట్రేలియానే గెలిచింది. మురళి సొంత వాకిట్లో!

మెల్‌బోర్న్_మావయ్య
ఇక నేను చెప్పేదేముంది. నా కేసు శాస్త్రిగారే వాదించేశారు.

ఉప్పల్_పెవిలియన్
గెలిచింది ఆస్ట్రేలియా. వార్న్ కాదు. హేడెన్, మార్టిన్, గిల్‌క్రిస్ట్ కొట్టకపోతే ఆ 26 వికెట్లు ఏం జేస్తయ్?

పీఎంపాలెం_ఎండ్
రెండు వైపులా బాగానే కొట్టుకుంటున్నారు గానీ, వార్న్‌ని ఇండియా ఎలగ ఆడిందో ఒక్కరూ చెప్పరేటి? అది తెలిస్తే వార్న్‌లో లోటు ఏటో తెలుస్తాది.

1998 చెన్నై. మొదటి ఇన్నింగ్స్‌లో సచిన్ 4 పరుగులకే వార్న్ చేతిలో అవుట్. రెండో ఇన్నింగ్స్‌లో వార్న్ రౌండ్ ది వికెట్ వచ్చి, లెగ్ స్టంప్ బయట బౌలర్ల కాళ్లకి లేచిపోయిన మట్టిలో బంతి వేస్తన్నాడు. మామూలోడైతే ప్యాడ్ అడ్డం పెట్టుకుంటాడు. సచిన్ తిరిగే బంతికి ఎదురెళ్లి మిడ్ వికెట్ మీదకి లేపీసేడు. 155 నాటౌట్. దానికోసం సిరీస్‌కి ముందే మన పాత లెగ్ స్పిన్నర్ శివరామకృష్ణన్ చేత అదే చోట బంతులు వేయించుకుని ఆడేడు.

ఇక 2001 ఈడెన్, మన లక్ష్మణ్ 281. అదే రఫ్‌లో పడ్డ బంతిని ఒకసారి క్రీజు వదిలి ముందుకొచ్చి కవర్స్‌లోకి, ఇంకోసారి సరిగ్గా అదే బంతిని మిడ్ వికెట్‌లోకి. ఒకే బంతికి రెండు వైపులా ఫోర్లుంటే కెప్టెన్ ఫీల్డర్ని ఎక్కడ పెడతాడు? ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ 34 ఓవర్లకి 152 ఇచ్చి ఒక్క వికెట్. పైగా 98లో భుజం ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఫ్లిప్పర్ (పడ్డాక లేవకుండా కిందగా దూసుకొచ్చే బంతి) మునుపట్లా పడేది కాదు. అది లేని వార్న్‌ని వెనక్కి తగ్గి ఆడడానికి మనోళ్లకి భయం పోయింది.

అన్నట్టు అదే మ్యాచ్ చివరి రోజు మార్క్ వాని సున్నాకి ఎల్బీ చేసింది మన వెంకటపతి రాజు. హర్భజన్ హ్యాట్రిక్, సచిన్ మూడు వికెట్ల మధ్య అది ఎవరికీ గుర్తుండదు.

గుగ్లీ_గుంటూరు
వెంకటపతి రాజు పేరెత్తినందుకు నీకో కాఫీ బాకీ. 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద 12 పరుగులకి 6.

హైదరాబాద్ వాళ్లకి మురళితో ఇంకో చుట్టరికం కూడా ఉంది. 2010 జూలై, గాలే. రిటైరవుతున్నానని ముందే చెప్పి దిగాడు, చివరికి 800కి ఒక్క వికెట్ తక్కువ, ఇండియాకి మిగిలింది ఒక్క వికెట్. అది ఇంకెవరికో పడినా, రనౌటైనా 799 దగ్గర ఆగిపోయేవాడు. మన హైదరాబాద్ ప్లేయర్ ప్రజ్ఞాన్ ఓఝా బ్యాట్ అంచు తగిలి స్లిప్‌లో జయవర్ధనే చేతిలోకి వెళ్లింది. ఆఖరి టెస్టు, ఆఖరి వికెట్. సినిమాలో పెడితే నమ్మం.

ఉప్పల్_పెవిలియన్
మావోని చేతుల మీదనే అయ్యింది కదా ముహూర్తం 😀

మెరీనా_తెలుగోడు
ఇన్ని పోస్టులయ్యాయి, అశ్విన్ పేరు ఒక్కరైనా ఎత్తారా? 106 టెస్టుల్లో 537, సగటు 24.00. సుమారు 51 బంతులకి ఒక వికెట్. మురళికి 55, వార్న్‌కి 57 పైన పట్టింది. ఆరు సెంచరీలు వేరే. మురళితో సమంగా 11 సార్లు ప్లేయర్ ఆఫ్ ది సిరీస్. మీ పీఎం పాలెం స్టేడియంలోనే 2019లో సౌతాఫ్రికా మీద 350వ వికెట్ తీశాడు, 66వ టెస్టులో. అది మురళి రికార్డుతో సమం. ఎడమచేతి వాటం వాళ్లని టెస్టుల్లో 200 మందికి పైగా అవుట్ చేసిన మొదటి బౌలర్. తమిళోడని చిన్నచూపా, మనోడు కాదని?

పీఎంపాలెం_ఎండ్
ఆ మ్యాచ్‌కి స్టాండ్‌లోనే ఉన్నాను. మొదటి ఇన్నింగ్స్‌లో ఏడు తీసేడు. చిన్నచూపు ఏటీ లేదు బావూ. కానీ ఆస్ట్రేలియాలో సగటు 40 దాటింది. 2021లో ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టులూ, 2023 ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లోనూ బెంచీ మీద కూర్చోబెట్టేరు. వార్న్‌నో మురళినో ఏ దేశంలోనైనా బెంచీ మీద కూర్చోబెడతారా?

మెరీనా_తెలుగోడు
కూర్చోబెట్టింది అశ్విన్ తప్పా, సెలెక్షన్ తప్పా? 2020లో అడిలైడ్‌లో స్మిత్‌ని తిన్నగా వెళ్లే బంతితో స్లిప్‌లో పట్టించాడు, మెల్‌బోర్న్‌లో సున్నాకి పంపాడు. సిడ్నీలో మన విహారితో కలిసి సాయంత్రం దాకా నిలబడి టెస్టు కాపాడాడు. ఆ టూర్ అయ్యాక కూడా బెంచీనే.

కోట్లా_పది
అశ్విన్‌ని తెచ్చారు, మరి కుంబ్లేని ఎవరు తెస్తారు? 619! పాకిస్తాన్ మీద ఇన్నింగ్స్‌లో 10కి 10. 2002లో ఆంటిగ్వాలో దవడ విరిగి, తలచుట్టూ కట్టుకట్టుకుని వచ్చి లారాని అవుట్ చేశాడు.

సగటు_శాస్త్రి
కుంబ్లే మీద నాకు చాలా గౌరవం. కానీ బయట సగటు 35.85. ఈ ఇద్దరి వరసలో నిలబెట్టలేం. ఇండియాకి ఎంత ఉపయోగపడ్డాడు అన్న ప్రశ్న వేరే, దానికైతే నా ఓటు అశ్విన్‌తో సమానంగా ఆయనకే. 2003-04లో ఆస్ట్రేలియాలో మూడు టెస్టుల్లో 24 వికెట్లు తీశాక బయట ఆడలేడన్న నోళ్లు చాలా వరకు మూసుకున్నాయి.

పాత_ట్రాన్సిస్టర్
అబ్బాయిలూ, మీ లెక్కలన్నీ 1990 నుంచే మొదలవుతున్నాయి. అంతకుముందు స్పిన్నే లేదా?

మన హైదరాబాద్ గులాం అహ్మద్ గారు 22 టెస్టులే ఆడారు, 68 వికెట్లు. ఆయన్ని చూసిన పెద్దవాళ్లు ఆయన చేతి వాటం గురించి చెప్తుంటే వినాలి. ప్రసన్న 1968లో న్యూజిలాండ్‌లో 24 వికెట్లు తీస్తేనే కదా మనం విదేశంలో మొదటి సిరీస్ గెలిచింది. 1971 ఓవల్‌లో చంద్రశేఖర్ 38 పరుగులకి 6 తీసిన సాయంత్రం రేడియో దగ్గర నుంచి ఎవ్వరం లేవలేదు. ప్రసన్న బంతిని గాల్లో ఆపేవాడు. అవును, ఆపేవాడనే అంటాను. బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి అక్కడ బంతి లేదని తెలుసుకునేవాడు.

అప్పుడు డీఆర్ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని కెమెరాలతో మళ్లీ చూసే పద్ధతి) లేదు. ముందుకి కాలు చాపితే అంపైర్ వేలు ఎత్తడు. ఇప్పుడు అశ్విన్‌కి వచ్చే ఎల్బీలు ప్రసన్నకి వస్తే 189 దగ్గర ఆగేవాడా? ఆ మాటకొస్తే వార్న్‌కి ఆ అదృష్టం అసలే లేదు, మురళికీ కెరీర్‌లో చాలా భాగం లేదు. మీ పోలికలో ఈ సంగతి ఎవ్వరూ ఎత్తలేదు.

లేట్‌కట్_లక్ష్మి
బాబాయ్‌గారు మంచి పాయింట్ పట్టారు. మురళి చివరి ఏళ్లలో కుడిచేతి వాటం వాళ్లకి రౌండ్ ది వికెట్ వచ్చేవాడు, ప్యాడ్‌లకి తగిలితే ఎల్బీ రావాలని. డీఆర్ఎస్ మొదటిసారి ప్రయత్నించిందే 2008 ఇండియా–శ్రీలంక సిరీస్‌లో. మనవాళ్లు దానితో నలిగిపోయి తర్వాత ఏళ్ల తరబడి వద్దు మొర్రో అన్నారు. అది కెరీర్ మొత్తం ఉండి ఉంటే 800 ఎక్కడ ఆగేదో.

సరే, ఇలా అయితే తెల్లారదు. ప్రశ్న మారుస్తాను. ఐదో రోజు, లంచ్ అయింది, మీ జట్టు కాపాడాల్సింది 200. బంతి ఎవరికిస్తారు? "పిచ్‌ని బట్టి" అని తప్పించుకోకూడదు.

గుగ్లీ_గుంటూరు
కళ్లు మూసుకుని వార్న్. 2006 అడిలైడ్. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 551 కొట్టి డిక్లేర్ చేసింది. వార్న్ 53 ఓవర్లు వేసి 167 ఇచ్చి ఒక్క వికెట్ తీశాడు. ఇంకోడైతే చెయ్యి నొప్పి అనేవాడు. ఐదో రోజు పొద్దున డ్రా ఖాయం అనుకుని అందరూ టీవీ కట్టేశారు. వార్న్ వచ్చి పీటర్సన్‌ని కాళ్ల వెనక నుంచి బౌల్డ్ చేశాడు. అక్కణ్ణుంచి ఒక్కొక్కడి కాళ్లూ చచ్చుబడిపోయాయి, 129 ఆలౌట్. ఆ స్పెల్‌లో బంతి పెద్దగా తిరగలేదు కూడా. ఫీల్డర్‌ని అటు జరిపి, ఇటు జరిపి, బ్యాట్స్‌మన్‌ని చూసి నవ్వి, వాడి బుర్రలో కూర్చున్నాడు. పిచ్ ఏమీ ఇవ్వని రోజున వికెట్లు తీయడమంటే అదీ.

ఉప్పల్_పెవిలియన్
నేను మురళికే ఇస్త. మాటలతోని, నవ్వుతోని భయపెట్టే పని లేదు. లారా 2001లో శ్రీలంకల మూడు టెస్టుల్ల 688 కొట్టిండు. మురళిని అంత బాగా ఆడినోడు ఇంకొకడు లేడు. అయినా ఆ సిరీస్‌ల మురళి 24 తీసిండు, శ్రీలంక 3-0 గెలిచింది. లారాకు ఒక్క పరుగిచ్చి అవతలికి పంపి, అవతలోన్ని అవుట్ చేసుడు. 200 కాపాడాలంటే కావాల్సింది ఆ ఓపికనే.

మెల్‌బోర్న్_మావయ్య
గెలిచిన టెస్టుల్లో వార్న్‌కి 510 వికెట్లు. నా జవాబు అంతే.

సగటు_శాస్త్రి
నా జవాబు కొంచెం తేడా. ఐదో రోజు, 200 అంటే వార్న్‌కే ఇస్తాను, అడిలైడ్ చూశాక ఇవ్వకుండా ఉండలేను. కానీ మొదటి రోజు, టాస్ ఓడిపోయి, అవతల ఎండ్‌లో చెప్పుకోదగ్గ బౌలర్ లేడంటే మురళి. టెస్టులో రెండో రకం రోజులే ఎక్కువ వస్తాయి కాబట్టి జట్టులో ఒక్కణ్ణే తీసుకోమంటే మురళినే తీసుకుంటాను. మావయ్యగారు తిట్టుకోవచ్చు.

మెల్‌బోర్న్_మావయ్య
తిట్టను. శ్రీలంక, ఆస్ట్రేలియా టెస్టు సిరీస్ కప్పుకే ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. అందులో వార్న్ పేరే ముందుంది, అది చాలు నాకు.

లేట్‌కట్_లక్ష్మి
నా ఓటు కూడా రాసుకోండి. సిడ్నీలో అయితే వార్న్. గాలేలో, ఓవల్‌లో మురళి. చెపాక్‌లో అయితే ఇద్దరూ వద్దు, అశ్విన్‌కి ఇచ్చేసి టీ తాగడానికి వెళ్తాను.

స్క్వేర్‌లెగ్_అంపైర్
పిచ్‌ని బట్టి అని తప్పించుకోకూడదన్నది మీరే కదమ్మా?

మెరీనా_తెలుగోడు
అంపైర్ గారూ, మీరు ఊరుకోండి. చెపాక్ ముక్క స్క్రీన్‌షాట్ తీసేసుకున్నాను.